కలిసిపోయిన రాశి

మొదటి వంతు మాకే వచ్చిందని ఫోను మోగినప్పుడు మా ఆయన నా చెంపకు పెరుగు రాస్తున్నాడు.

అంతకుముందే చేలోంచి వచ్చాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నానన్న ధీమాతో, వాళ్ళమ్మ పెరట్లో ఉందని తొంగి చూసుకుని మరీ నా చెంప నిమిరాడు. చెంప భగ్గుమంది. నేను చీరాల పిల్లని, బడిపంతులు కూతుర్ని. గుంటూరులో డిగ్రీ చదివినన్నాళ్ళూ మిరపకాయల బస్తాల పక్కనుంచే ఆటోలో తిరిగాను గానీ, ఆ కారం మనిషి చేతిలోకి దిగి కడిగినా పోదని నాకెవరూ చెప్పలేదు. మాఘమాసంలో పెళ్ళయి దర్శి దగ్గర ఈ ఊరికి వచ్చాకే తెలిసింది.

"సారీ, సారీ" అంటూ పెరుగు తెచ్చాడు. రాసే చేతికీ కారమే ఉంది కాబట్టి రెండో చెంప కూడా అంటుకుంది. మంటకు ఏడుస్తూ, ఆయన కంగారుకు నవ్వుతూ ఉండగా ఫోను మోగింది.

"ఎవరన్నా ఎత్తండే దాన్ని!" అని పెరట్లోంచి అత్తయ్య కేకేసింది.

పొదుపు సంఘం లీడరు ఖుర్షిదా అత్త. "అమ్మాయ్, చీటీలు తీశాం. షెడ్డులో మొదటి వంతు మీదేనని మీ అత్తకు చెప్పు!"

నేను గంతేశాను. కాళ్ళ పట్టీలు గలగలమన్నాయి. అత్తయ్య తడిచేతులతోనే పరుగున వచ్చింది. పెళ్ళిలో కూడా చూడని నవ్వు ఆమె మొహంలో చూశాను. ఆ నవ్వుతోనే ఫోను దగ్గరకు వంగి అడిగింది.

"పక్క చోటు ఎవరికొచ్చిందే ఖుర్షిదా?"

"కోటేశ్వరికి, వదినా."

"అయితే ఇంకో చీటీ తియ్యి."

"అందరి ముందూ తీశాం వదినా. ఇప్పుడు నేనేం చేసేది?"

అత్తయ్య నవ్వు ఆరిపోయింది. కోటేశ్వరి అత్త మాకు వరసకు బంధువే. ఎప్పుడో ఆమె మేక మా మిరప నారుమడి మేసేసింది. ఆ మేక చచ్చి చాన్నాళ్ళయింది, కోపం మాత్రం బతికే ఉంది. ఇద్దరికీ మాటల్లేవు.

"పోన్లే అమ్మా, మొదటి వంతు వచ్చింది, అది చాలు" అన్నాడు మా ఆయన. ఆ మాట ఎందుకన్నాడో ఆ ఇంట్లో మా ముగ్గురికీ తెలుసు.

కిందటి పంటప్పుడు డిసెంబరు తుఫానుకు మా చేలో మిరప మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వేరు కుళ్ళిపోయింది. ఈ ఏడు మళ్ళీ వేశారు. పెళ్ళికి ముందే మా ఆయన హైదరాబాదులో ఒక గోడౌన్లో పనికి ఒప్పుకుని ఉన్నాడు. ఈ కాయ చేతికొస్తే ఊళ్ళోనే ఉంటాడు, రాకపోతే పోతాడు. నేను కూడా వస్తానంటే, అక్కడ ఇచ్చే గదిలో నలుగురు మగాళ్ళు పడుకుంటారన్నాడు. ఆ ప్రయాణం కోసం కొన్న నీలం బ్యాగు అటక మీద ఉండేది. ఇల్లు ఊడ్చినప్పుడల్లా దానికేసి చూడకుండా ఊడ్చేదాన్ని.

ఆ షెడ్డు సంగతి కూడా చెప్పాలి. తుఫాను తర్వాత ఒంగోలు నుంచి ఒక సంస్థ వాళ్ళు వచ్చారట. "దుప్పట్లు, బియ్యం ఇచ్చి పోయినోళ్ళని శానామందిని చూశాం. మళ్ళీ తుఫానొస్తే మీకేం ఉండాలమ్మా అని అడిగినోళ్ళని మాత్రం అప్పుడే చూశా" అంటుంది ఖుర్షిదా అత్త. ఆడవాళ్ళంతా కాసేపు ఆలోచించుకుని ఒకటే అడిగారట: "కాస్త ఎత్తు కావాలి సార్." కాయ ఎండేది నేల మీదే. వాన పడితే ముందు మునిగేదీ ఆ నేలే. అందుకని కాలువ కట్ట పక్కన నడుమెత్తు అరుగు కట్టి, సిమెంటు చేసి, పైనా పక్కలా ఎండ దిగే మందపాటి షీట్లు కప్పారు. ఒక్కో వంతులో నలుగురు కాయ ఆరబోసుకోవచ్చు. ఊళ్ళో మగాళ్ళు దానికి పెళ్ళిపందిరని పేరు పెట్టారు. కట్టేటప్పుడు మాత్రం ఇటుకలు వాళ్ళూ మోశారు.

నాకు ఆ పేరు నచ్చింది. మా పెళ్ళి పందిరి కంటే అదే పెద్దది.

*

షెడ్డులో మా చోటుకీ కోటేశ్వరి అత్త చోటుకీ మధ్య అత్తయ్య కొబ్బరితాడు కట్టింది. పంతానికే కాదు, దానికి వేరే కారణం కూడా ఉంది. మాది తేజ రకం. సన్నటి కాయ, నాలిక మీద పెడితే నిప్పు. కోటేశ్వరి అత్తది బ్యాడిగి. ముడతలు పడిన పొడుగు కాయ, రంగే రంగు గానీ కారం అంతంతమాత్రం. గుంటూరు మిర్చి యార్డులో దేని ధర దానిదే. ఒకదాంట్లో ఒకటి కలిస్తే రెండూ దండగ. అందుకే ఈ పక్క ఎవరి రాశిలోనూ ఇంకొకరి కాయ ఒక్కటి పడనివ్వరు. గాలికి దొర్లి పడ్డా ఏరి అవతల పారేస్తారు.

"అమ్మాయ్, ఆవిడ కాయ తాడు దాటి వస్తందని చెప్పు" అనేది అత్తయ్య, కోటేశ్వరి అత్త చేతికందే దూరంలో కూర్చునే.

"అమ్మాయ్, వస్తే పాములా కాటేయదులే, తీసి అవతల పడేయమని చెప్పు" అనేది కోటేశ్వరి అత్త.

నేను చెప్పేలోపే ఇద్దరికీ వినపడేది. అయినా మధ్యలో నిలబడి అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చెప్పేదాన్ని. డిగ్రీలో ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చడం నేర్పారు గానీ, తెలుగు నుంచి తెలుగులోకి మార్చడం ఇక్కడే నేర్చుకున్నాను.

పని మాత్రం ఒళ్ళు విరిచేసేది. తెల్లారుతూనే చేలోకి, కోత అయ్యాక షెడ్డుకు, అక్కడ కాయ తిరగెయ్యడం, సాయంత్రానికి ఇంటికి. షెడ్డు చాలక సగం కాయ చేలో నేలమీదే ఆరబోశాం. చేతులకు ఆముదం రాసుకుని, పైన ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని కోసినా మంట లోపలికి దిగేది. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేదాన్ని. పసుపుతాడుకు కూడా కారం పట్టి మెడ చుట్టూ ఎర్రగా గీత పడింది. "మెళ్ళో రెండో తాళి కట్టింది మిరపకాయ" అన్నాడు మా ఆయన. ఆ మాటకు రోజంతా నవ్వుకున్నాను. అలసటలో చిన్న మాట కూడా పెద్ద పండగ. దర్శి వెళ్ళినప్పుడు ఆయన కొని తెస్తే జేబులోనే కరిగిపోయిన చాక్లెట్ కూడా అంతే. రేపరును నాకి ఇద్దరం పంచుకున్నాం.

*

ఉగాది ఇంకా వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం పడమర మబ్బు లేచింది. ఫోన్లో పిడుగుల హెచ్చరిక వచ్చేలోపే గాలి వచ్చేసింది. చేలో నేనూ మా ఆయనా ఉన్నాం. ఆరబోసిన కాయంతా పారతో కుప్ప లాగి గంపలకెత్తుతున్నాం. గాలికి మిరపదుమ్ము లేచి కళ్ళు తెరవలేకపోయాం. దగ్గుతూ, తుమ్ముతూ, ఒకరినొకరం చూడకుండా గొంతుల్ని బట్టే ఎక్కడున్నామో తెలుసుకుంటున్నాం.

"బావా, పట్టా కప్పుదామా?"

మేమిద్దరమే ఉన్నప్పుడే అలా పిలుస్తాను. ఆ రోజు ఆయన ఆ పిలుపుకు నవ్వలేదు.

"గాలికి నిలవదు. షెడ్డుకు తోలుకుపోదాం, ఎంతుంటే అంత."

అందిన కాయ ట్రాలీకెత్తుకుని షెడ్డు చేరేసరికి సంఘం వాళ్ళంతా అక్కడే ఉన్నారు. వంతు రాని వాళ్ళు కూడా బస్తాలు, గంపలు, ఆఖరికి చీరల్లో మూటలు కట్టుకుని వచ్చారు. అరుగు మీద పలచగా ఆరబోసిన కాయ ఉంది. దాన్ని గోడలా ఎత్తుకు లాగితే తప్ప ఇంకొకరికి చోటు లేదు. నాలుగు చోట్ల మధ్య తాళ్ళు, తాళ్ళ మధ్య నడవడానికి వదిలిన ఖాళీ. తొలి చినుకు షీటు మీద రాయిలా పడింది. తర్వాత నిజంగానే రాళ్ళు, వడగళ్ళు.

కోటేశ్వరి అత్త తన బస్తా నడుం మీద పెట్టుకుని మెట్టు దగ్గర నిలబడిపోయింది. ఆమె చోటు అప్పటికే నిండిపోయింది. మా చోటులో ఇంకా కాస్త ఖాళీ ఉంది. ఆమె మా చోటుకేసి చూడలేదు. వానకేసే చూస్తోంది. వెనక మిగతా ఆడవాళ్ళు తడుస్తున్నారు.

అత్తయ్య బొడ్లో దోపుకున్న కొడవలి తీసి తాడు తెంచింది.

"నిలబడి చూస్తావేందే? పొయ్యి" అంది.

నేను అలవాటుగా నోరు తెరిచాను చెప్పడానికి. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కోటేశ్వరి అత్త బస్తా మూతి విప్పి మా తేజ మీద బ్యాడిగి కుమ్మరించింది. ఆమె వెనక ఖుర్షిదా అత్త, ఆమె వెనక మిగతా వాళ్ళు. మిగిలిన తాళ్ళు ఎవరు తెంచారో తెలియదు. కాసేపటికి అరుగు మీద ఒకే రాశి ఉంది. మేమంతా దాని చుట్టూ నిలబడి, పక్కల షీట్లు గాలికి లేవకుండా ఒళ్ళంతా వేసి పట్టుకున్నాం. బయట నీళ్ళు అరుగు సగానికి వచ్చి ఆగాయి.

చేలో మిగిలిన మా కాయ అక్కడే నానింది. తర్వాత అది తెల్లబడి తాలు అయిపోయింది.

*

మర్నాడు బేరగాడు బండి మీద వచ్చాడు. రాశి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక కాయ తుంచి వాసన చూశాడు, ఇంకొకటి తుంచి గింజ చూశాడు. కాయ పొడిగానే ఉందని ఒప్పుకున్నాడు.

"ఏం లాభం అక్కా, కలగూరగంప చేశారు గదా! యార్డులో దీన్ని తేజ అనరు, బ్యాడిగీ అనరు. తాలు కింద అడుగుతారు."

"తాలుకాయా ఇది? కళ్ళు పెట్టి చూడు!" అంది కోటేశ్వరి అత్త.

"నా కళ్ళకి బాగానే ఉందక్కా. కొనేవోడి కళ్ళకి ఉండొద్దూ? విడివిడిగా ఏరి పెట్టండి, అప్పుడు పిలవండి."

బండి వెళ్ళిపోయింది. ఎవరూ ఏడవలేదు. ఎవరెన్ని బస్తాలు తెచ్చారో అందరికీ గుర్తే ఉంది, కాబట్టి గొడవ వాటా గురించి కాదు. రాశి ఒకటయ్యాక దాన్ని మళ్ళీ రెండు చెయ్యడం ఎలాగన్నదే గొడవ. అత్తయ్య ముందు కూర్చుంది. తేజ ఎడమకు, బ్యాడిగి కుడికి. ఆమెను చూసి అందరం కూర్చున్నాం.

అలా ఎన్ని రోజులు ఏరామో లెక్కపెట్టుకోలేదు. ఉగాది పచ్చడి కూడా షెడ్డు దగ్గరే తిన్నాం. పొద్దుటి నుంచి ఏరితే సాయంత్రానికి రాశికి ఎలుక కొరికినంత వెలితి కూడా కనిపించేది కాదు. వేళ్ళ చివర తోలు లేచిపోయింది. ఇంట్లో తుమ్ములే మాటలు. మా ఆయన ఒకటి తుమ్మితే నేను రెండు, అత్తయ్య మూడు. "చాలు, ఇంక నేను గెలవలేను" అని ఆయన ఓడిపోయేవాడు. ఆ ఆట కూడా కొన్నాళ్ళకు ఆగిపోయింది. మేం ఏరడం అయ్యేలోపు కొత్త పురుగు పడుతుందని, ఎండలు ముదిరి రంగు తేలిపోతుందని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఒకరోజు ఇంటికి వచ్చేసరికి నీలం బ్యాగు మంచం మీద ఉంది. జిప్పు తీసి ఉంది. ఆయన చొక్కాలు మడత పెడుతున్నాడు. మడత పెట్టడం ఆయనకు రాదు.

"ఎల్లుండి రమ్మన్నారు" అన్నాడు.

నేను చొక్కా లాక్కుని సరిగా మడత పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. "నువ్వు పోతే నా చెంపకు పెరుగు ఎవరు రాస్తారు బావా?"

"నేను పోతే నీ చెంప మండదు గదా" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

*

తర్వాతి రోజు మధ్యాహ్నం షెడ్డులో అందరి క్యారియర్లలోనూ కూరలు అడుగంటాయి. వండుకునే ఓపిక ఎవరికి ఉంది? షెడ్డుకు ఆనుకునే కోటేశ్వరి అత్త ఇల్లు. ఆమె లేచి, ఏరని రాశిలోంచి చేతికందినంత కాయ ఒడిలో వేసుకుని వెళ్ళింది. పెనం మీద వేయించి, ఉప్పు, వెల్లుల్లి, చింతపండు వేసి రోట్లో దంచి గిన్నెతో పట్టుకొచ్చింది. తెచ్చుకున్న అన్నంలో కలిపి అందరికీ తలా ముద్ద పెట్టింది. అత్తయ్యకు కూడా.

అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలింది. "రంగు బాగుంది" అంది.

"కారం నీదిలే" అంది కోటేశ్వరి అత్త.

నిజంగానే బాగుంది. అచ్చం మా ఇంటి కారంలాగే ఉంది. ఆ మాటే అన్నాను.

"మా అమ్మ కూడా ఇలాగే కలుపుతుందత్తయ్యా. ప్రతి వేసవీ ఊరగాయలకు ముందు గుంటూరు కాయ రెండు రకాలు తెప్పిస్తుంది. ఒకటి రంగుకు, ఒకటి ఘాటుకు. కలిపి మరపట్టిస్తుంది. మా వీధంతా అంతే."

అత్తయ్య నమలడం ఆపింది. ఎడమ పక్కనున్న చిన్న తేజ కుప్పను చూసింది. కుడి పక్కనున్న చిన్న బ్యాడిగి కుప్పను చూసింది.

"అయితే మనం ఇక్కడ చేతులు కాల్చుకుని విడదీసేది, మీ అమ్మ అక్కడ కలుపుకోవడానికా?"

ఖుర్షిదా అత్తకు ముందుగా నవ్వు వచ్చింది. ఆ నవ్వు దగ్గుగా మారింది, దగ్గు తుమ్ముగా మారింది. ఆమెకు మంచినీళ్ళు తాగించాక నేను అమ్మకు ఫోను చేసి స్పీకరు పెట్టాను.

"కారమా? మీ ఊళ్ళోదేనా? తొడిమలు తీసేస్తారా?" అని అమ్మ ప్రశ్న మీద ప్రశ్న వేసింది. "తొడిమతో పట్టిస్తే నాకొద్దు. మొన్న ఎవరో అమ్మకానికి తెస్తే అందులో రంగు కలిపారు, ఆవకాయ పాడైంది. ముందు శాంపిలు చూపించమను. బాగుంటే మా వీధిలో నేనే చెప్తాను. బాగోకపోతే వియ్యపురాలని చూడను, ముందే చెప్తున్నా."

"మీ అమ్మది నోరు కాదు" అంది అత్తయ్య ఫోను పెట్టేశాక. ఆ మాటలో మెచ్చుకోలే వినిపించింది.

ఏరడం ఆపి తొడిమలు తీయడం మొదలుపెట్టాం. చేతుల పనిలో పెద్ద తేడా లేదు. అదే మంట, అదే నడుం నొప్పి. ఎడమ, కుడి కుప్పలు మాత్రం కోటేశ్వరి అత్త కాలితో మళ్ళీ రాశిలోకి తోసేసింది. ఇంత రాశి కారం ఎవరు కొంటారు, ఎప్పటికి అమ్ముడవుతుంది, వచ్చే తుఫానుకు మళ్ళీ ఏం చేస్తాం, ఇవన్నీ ఎవరి మనసులో వాళ్ళకు ఉన్నాయి. చీరాలలో ఒక వీధి ఎంత కారం తింటుంది?

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆయన బ్యాగు సర్దేసి గుమ్మం పక్కన పెట్టుకున్నాడు. పొద్దున బస్సుకు పోవాలి. నేను చూడనట్టు లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాను. పొగ వల్లే కళ్ళలో నీళ్ళు వచ్చాయని చెప్పుకోవచ్చు గానీ మాది గ్యాసు పొయ్యి.

వెనకే అత్తయ్యా, కోటేశ్వరి అత్తా వచ్చారు. తొడిమలు తీసిన కాయ మూట ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మోసుకొచ్చారు. అత్తయ్య గుమ్మంలోనే ఆగి బ్యాగు చూసింది. కూర్చుని జిప్పు తీసింది. నేను మడత పెట్టిన చొక్కాలన్నీ మంచం మీద కుమ్మరించి, ఆ మూట విప్పి బ్యాగు నిండా మిరపకాయ పోసింది.

"అమ్మా! అది నా బట్టల బ్యాగు!"

"ఇందాకటి దాకా" అంది కోటేశ్వరి అత్త.

"ఇంక దాంట్లో బట్టలెట్టా పెట్టుకునేది? ఒళ్ళు మండిపోద్ది!"

"నాకు తెలవదా?" అంది అత్తయ్య. కాయ చేత్తో అదిమి, జిప్పు సగం దాకా లాగింది. పట్టక మోకాలు వేసి లాగింది. కొడుకు మొహంకేసి చూడలేదు. నాకేసి చూసింది.

"అమ్మాయ్, మీ ఆయనకు చెప్పు. రేపు మొదటి బస్సుకు దర్శి పోతన్నాం, మనం నలుగురం. మిల్లులో దగ్గరుండి పట్టిచ్చుకుని, అటునుంచి అటే చీరాల, మీ అమ్మగారింటికి. బ్యాగు మోసేది ఆయనే."